మలేరియా కార్డు కిట్: తల్లికి సరే, పొత్తిళ్ళలో బిడ్డకి?

ఓపిక లేనివాళ్ళ కోసం రేటింగు ముందే చెప్పేస్తాను. రక్తం చుక్కతో మలేరియా ఉందో లేదో చెప్పే ఈ కార్డుని కాన్పుకి వచ్చిన తల్లికి వాడితే ఐదుకి నాలుగున్నర. అదే కార్డు అప్పుడే పుట్టిన బిడ్డకి వాడితే ఐదుకి రెండు. ఆ రెండూ కూడా పక్కన మైక్రోస్కోపూ, అందులో చూడ్డం వచ్చిన మనిషీ ఉంటేనే. ఒకే డబ్బాకి ఇంత తేడా ఏమిటో చెప్పడానికే మిగతాదంతా రాస్తున్నాను.

నేను పాడేరు వైపు ఏజెన్సీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వానలు పడ్డాక మా దగ్గరికి జ్వరమని ఎవరొచ్చినా, డాక్టరుగారు నాడి చూసేలోపే వేలికి సూది పడిపోతుంది. ఆశా కార్యకర్తల సంచుల్లో, సంతల దగ్గర పెట్టే క్యాంపుల్లో ఉండేదీ ఈ కార్డే. మన జాతీయ కార్యక్రమంలో 2013 నుంచి మలేరియా పరాన్నజీవుల్లో ఫాల్సిపేరం, వైవాక్స్ అనే రెండు జాతుల్నీ పట్టే రకం వాడుతున్నారు. ఒక గీత ఫాల్సిపేరంకి, ఒకటి వైవాక్స్‌కి, ఇంకొకటి కంట్రోలు గీత. కంట్రోలు గీత రాకపోతే కార్డు చెడిపోయినట్టే, మిగతా గీతలు ఏం చెప్పినా వినక్కర్లేదు. కంపెనీ పేరు రాయను. సరఫరా మారినప్పుడల్లా కంపెనీ మారుతుంది. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ రకం కార్డులన్నిటికీ ఇంచుమించు ఒకటే.

కవరు చించితే లోపల ప్లాస్టిక్ క్యాసెట్టు, తేమ పీల్చే పొట్లం, రక్తం ఎత్తే సన్నని గొట్టం, సూది, స్పిరిట్ దూది ఉంటాయి. ద్రావణం సీసా చాలా రకాల్లో డబ్బా మొత్తానికి ఒకటే. నా మొదటి పేచీ ఆ సీసాతోనే. చుక్కలు వేసే చెయ్యి కాస్త ధారాళమైనదైతే, కార్డులు ఇంకా మిగిలుండగానే సీసా ఖాళీ అవుతుంది. అప్పుడు కొంతమంది "ఏం పర్లేదు" అనుకుని సెలైన్ వేసేస్తారు. దయచేసి వెయ్యకండి. సెలైన్‌కీ, మామూలు నీళ్ళకీ లేని గీతలు పుట్టుకొస్తాయి. ఒక్కో కార్డుకి విడిగా చిన్న గొట్టంలో ద్రావణం ఇచ్చే రకాలు ఉన్నాయి, ఎంచుకునే వీలుంటే అవి తీసుకోండి. పొట్లం రంగు మారిందంటే కవరులోకి తేమ దూరిందని అర్థం. ఆ కార్డు చెత్తబుట్టకే. మా కొండల మీద మంచు, ముసురు ఉన్న రోజుల్లో కవరు చించి పక్కన పెట్టి, తర్వాత బిడ్డని ఎత్తుకుని, తర్వాత సూది వెతుక్కోవడం పనికిరాదు. అన్నీ సిద్ధం చేసుకున్నాకే చించాలి.

తల్లి సంగతి ముందు. ఇక్కడ ఈ కార్డుకి నేను వంక పెట్టను.

ఫాల్సిపేరంకి ఒక దొంగ బుద్ధి ఉంది. గర్భిణిలో అది పట్టిన ఎర్రకణాలు పోయి మాయలో (ప్లాసెంటాలో) అతుక్కుంటాయి. అక్కడ కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థం ఉంటుంది, దానికి అంటుకునే మాంసకృత్తిని ఈ పరాన్నజీవి తయారుచేసుకుంటుంది. అందుకని వేలి చుక్కని గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూసే స్లైడు శుభ్రంగా కనిపించవచ్చు, మాయలో మాత్రం జాతర జరుగుతూ ఉండవచ్చు. కార్డు వెతికేది పరాన్నజీవిని కాదు, అది రక్తంలోకి వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే పదార్థాన్ని. పరాన్నజీవి మాయలో దాక్కున్నా ఆ పదార్థం తల్లి ఒళ్ళంతా తిరుగుతుంది. కాబట్టి నా కళ్ళకి, నా మైక్రోస్కోపుకి దొరకని తల్లులు కొందరు ఈ కార్డుకి దొరుకుతారు. స్లైడు మీద బతికేదాన్ని, ఒప్పుకోవడం కష్టమే గానీ నిజం ఇది.

పైగా మా దగ్గర మలేరియా ఉన్న గర్భిణికి చలి, వణుకు ఉండాలనేమీ లేదు. చిన్నప్పటి నుంచి పదేపదే వచ్చినవాళ్ళకి ఒంట్లో ఎంతో కొంత నిరోధకత ఉంటుంది. రక్తహీనత, నీరసం, అంతే. అవి కడుపుతో ఉన్నప్పుడు మామూలేలే అనుకుంటారు. అందుకే నొప్పులతో వచ్చిన మనిషికి జ్వరం ఉందా లేదా అని అడక్కుండానే కార్డు వేయాలి. ఇరవై నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది. కరెంటు అక్కర్లేదు, నేను అక్కర్లేదు, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మ ఒక్కతే చేసుకోగలదు. తక్కువ పెట్టిన అర మార్కు ఎందుకంటే, పాత జ్వరం మందులతో తగ్గిపోయాక కూడా ఈ ఫాల్సిపేరం గీత కొన్ని వారాలు కనిపిస్తూనే ఉంటుంది. ఆమె చేతిలో ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) ఉంటే తిరగేసి, ఈమధ్య మలేరియా మందు వాడిందా అని చూడండి.

ఇక బిడ్డ.

"తల్లికి జొరమే నేదు, పిల్లకి మలేరియా ఎక్కడిది మేడమ్? పుట్టిన కాడ్నుంచి దోమతెర లోపలే పడుకోబెట్టినాం కదా" అని ఒక నానమ్మ నన్ను నిలదీసింది. ఆమె తర్కంలో తప్పు లేదు. దోమ కుట్టి ఒంట్లో చేరిన పరాన్నజీవి ముందు కాలేయంలో కొన్నాళ్ళుండి, ఆ తర్వాతే రక్తంలోకి వస్తుంది. అందుకే పుట్టిన ఏడు రోజుల్లోపు బిడ్డ రక్తంలో కనిపిస్తే అది దోమ పని కాదు, తల్లి నుంచి వచ్చినదని లెక్క. మాయ గుండా దాటుతుంది, లేదా కాన్పు సమయంలో మాయ ఊడేటప్పుడు తల్లి రక్తం కొంత బిడ్డలోకి కలుస్తుంది. వైవాక్స్ కూడా ఇలా వస్తుంది. కాలేయంలో దాగినదాన్ని చంపే మందు ప్రైమాక్విన్. గర్భిణికి దాన్ని ఇవ్వకూడదు కనక, కాలేయంలో నిద్రపోతున్న వైవాక్స్‌ని కాన్పు అయ్యేదాకా కదిలించలేం. మధ్యలో అది ఎప్పుడైనా లేవవచ్చు.

అలాంటి బిడ్డకి ఇదే కార్డు వేస్తే ఏమవుతుంది? రెండు వైపులా బోల్తా కొడుతుంది. నా రిజిస్టరులోంచి రెండు సంగతులు చెబుతాను, ఊర్లూ పేర్లూ తీసేసి.

మొదటిది, తొమ్మిదో నెలలో ఫాల్సిపేరం వచ్చి మందు వాడిన తల్లి. బిడ్డ బరువు కాస్త తక్కువే గానీ గట్టిగా ఏడ్చాడు, పాలు పట్టాడు. ఎవరో ఉత్సాహంగా బిడ్డ మడమ పొడిచి కార్డు వేశారు. ఫాల్సిపేరం గీత సన్నగా, కానీ స్పష్టంగా వచ్చింది. లేబర్ రూములో కలకలం. ఏఎన్ఎం పరిగెత్తుకొచ్చి "అక్కా, చూడు, పుట్టగానే పాజిటివ్" అంది. దళసరి పూత (స్లైడు మీద మందంగా పరిచిన రక్తం) తీశాను, ఏమీ లేదు. మర్నాడు తీశాను, ఆ మర్నాడూ తీశాను. ఒక్క పరాన్నజీవి లేదు. జ్వరం లేదు, కామెర్లు అందరు బిడ్డలకీ ఉన్నంతే. తల్లి రక్తంలో మిగిలిన హెచ్‌ఆర్‌పీ2 బిడ్డ రక్తంలో చేరే వీలుంది, కార్డుకి తల్లిదీ బిడ్డదీ తేడా తెలియదు. డాక్టరుగారు మందు మొదలుపెట్టలేదు, బిడ్డని కనిపెట్టుకుని ఉండమన్నారు. తర్వాత టీకాకి వచ్చినప్పుడు గీత పోయింది.

రెండోది ఇంకా ఇబ్బందికరం. నెల నిండని ఆడపిల్ల, జ్వరం, పాలు సరిగా తాగడం లేదు, ఒళ్ళు పాలిపోయింది. కింద మైదానంలో ఒక ఆసుపత్రిలో సెప్సిస్ (రక్తంలో ఇన్ఫెక్షన్) అని యాంటీబయాటిక్ సూదులు ఇచ్చి పంపారు. ప్లేట్‌లెట్లు బాగా తక్కువ, ప్లీహం చేతికి తగులుతోంది. వాళ్ళని అనడానికి లేదు. నెలలోపు బిడ్డకి జ్వరమంటే ఎవరైనా ముందు సెప్సిస్ అనే అనుకుంటారు, అనుకోవాలి కూడా. అక్కడ కార్డు కూడా వేశారట, నెగెటివ్. దాంతో మలేరియా అనే మాట చీటీ మీంచి పోయింది. నాకు అసలు కోపం అక్కడ. బిడ్డని ఏజెన్సీ పల్లెకి తీసుకొచ్చాక మళ్ళీ జ్వరం, మళ్ళీ మా దగ్గరికి. స్లైడు మీద చాలాసేపు ఏమీ దొరకలేదు. దొరికినప్పుడు వైవాక్స్. అక్కడొకటి, అక్కడొకటి. తల్లికి ఆరో నెలలో జ్వరం వచ్చి తగ్గిందన్న సంగతి అప్పుడు బయటపడింది.

కార్డుకి గీత రావాలంటే మైక్రోలీటరు రక్తంలో ఇంచుమించు వంద, రెండు వందల పరాన్నజీవులు ఉండాలి. వైవాక్స్ గీత మరీ మొండిది, ఫాల్సిపేరం గీతంత చురుకు దానికి లేదు. పసిబిడ్డలో పరాన్నజీవులు తక్కువగా ఉండడమే మామూలు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు), బిడ్డ రక్తంలో ఇంకా ఎక్కువగా ఉండే పిండ హిమోగ్లోబిన్ వాటిని కొన్నాళ్ళు అణచి ఉంచుతాయి. జ్వరం చాలాసార్లు పుట్టిన రెండు నుంచి నాలుగు వారాల మధ్యలో బయటపడేది అందుకే. అప్పటికి తల్లీబిడ్డా డిశ్చార్జి అయి ఎక్కడో గూడెంలో ఉంటారు.

(ప్రతిరక్షకాల్ని చూసే రక్తపరీక్ష రాసిచ్చే ల్యాబులు ఎక్కడైనా ఇంకా ఉంటే, పసిబిడ్డకి ఆ పరీక్ష అస్సలు ఒప్పుకోకండి. అందులో కనిపించేవి తల్లివి. కాగితం ఖర్చు తప్ప ఏమీ తెలియదు.)

కిట్‌లో వచ్చే సూది గురించి కూడా ఒక మాట. అది పెద్దవాళ్ళ వేలికి చేసిన సూది. అప్పుడే పుట్టిన బిడ్డకి వేలు పొడవకూడదు, ఎముక మరీ దగ్గర. మడమకి పక్కభాగంలో పొడవాలి, మధ్యలో కాదు, 2.4 మిల్లీమీటర్ల లోతు దాటకూడదు. కిట్ సూదికి లోతు ఆపే ఏర్పాటు లేదు, మన చెయ్యే దానికి కొలత. బిడ్డల కోసం మడమ సూదులు విడిగా దొరుకుతాయి. ముందు గుడ్డని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పిండి, మడమని కాస్త వెచ్చబరిస్తే రక్తం పిండాల్సిన పని ఉండదు. మొదటి చుక్క తుడిచేసి రెండోది తీసుకోవాలి. బిడ్డల రక్తం చిక్కగా ఉంటుంది, గొట్టంలోకి ఐదు మైక్రోలీటర్లు ఎక్కేలోపే గడ్డకట్టడం మొదలవుతుంది. ఎక్కువైతే కార్డు కిటికీ అంతా ఎర్రగా మారి గీత కనపడదు, తక్కువైతే అసలు గీతే రాదు.

బొడ్డుతాడు రక్తం తీస్తే ఈ గొడవ ఉండదు కదా అని అడుగుతారు. బిడ్డ ఏడవదు, రక్తం కావలసినంత, నిజమే. కానీ కాన్పు గదిలో బొడ్డుతాడు పైనంతా తల్లి రక్తమే. శుభ్రంగా తుడిచి, సిరంజితో సిర లోపలి నుంచి తీయాలి. అలా తీసినా, బొడ్డుతాడులో కనిపించినంత మాత్రాన బిడ్డకి జబ్బు వస్తుందని కాదు. నైజీరియాలో 1875 మంది నవజాత శిశువులని చూసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో వందకి ఐదుగురి రక్తంలో పరాన్నజీవి దొరికింది; వాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి రెండో రోజులోపే మందు లేకుండానే పోయింది. మన దగ్గర వ్యాప్తి అంత లేదు. కానీ బొడ్డుతాడు ఫలితాన్ని బిడ్డని కనిపెట్టుకోవడానికి ఒక హెచ్చరికగా తీసుకోవాలి తప్ప తీర్పుగా కాదన్నది మనకీ వర్తిస్తుంది. నేనైతే బొడ్డుతాడు పూత ఒకటి, మడమ పూత ఒకటి, వీలైతే మాయ తల్లి వైపు చిన్న ముక్క కోసి, అద్దుడు కాగితం మీద ఒత్తి, స్లైడు మీద ముద్ర వేసి, మూడూ చూస్తాను. మాయ ముద్రలో పరాన్నజీవి లేకపోయినా గోధుమరంగు మలేరియా వర్ణకం కనిపిస్తే కథ తెలుస్తుంది.

స్లైడుకి నేనిచ్చే మార్కులు కూడా ఐదుకి ఐదు కాదు. చేతులు మారితే మార్కులు మారతాయి. దళసరి పూతని మా ప్రోగ్రాములో జేఎస్‌బీ రంగుతో వేస్తాం, జస్వంత్ సింగ్, భట్టాచార్జీలు 1940లలో మన దేశంలోనే తయారుచేసిన పద్ధతి, పెద్దాసుపత్రుల్లో గీమ్సా అనే రంగు. నూనె లెన్సు కింద నూరు ఫీల్డులు చూశాకే నెగెటివ్ అని రాయాలి. బిడ్డకైతే నేను నూరు దగ్గర ఆపను. అలసిపోయిన కళ్ళకి ప్లేట్‌లెట్లూ, రంగు మడ్డీ పరాన్నజీవిలాగే కనిపిస్తాయి. పుట్టిన బిడ్డ రక్తంలో ఉండే కేంద్రకం ఉన్న ఎర్రకణాలు, హోవెల్ జాలీ చుక్కలు (ఎర్రకణంలో మిగిలిపోయిన కేంద్రకం ముక్కలు) ఇంకో తలనొప్పి. ఎర్రటి చుక్కకి నీలిరంగు తోక లేకపోతే పేరు పెట్టకూడదని మా సీనియర్ నేర్పాడు. వానాకాలంలో కరెంటు పోతే కిటికీ దగ్గర అద్దం మైక్రోస్కోపుతో చూసిన రోజులూ ఉన్నాయి. అయినా బిడ్డ విషయంలో నాకు నమ్మకం దాని మీదే. ఎందుకంటే స్లైడు మీద కనిపించేది ప్రాణమున్న పరాన్నజీవి, ఇప్పుడు, ఈ బిడ్డలో. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టవచ్చు, మందు వేశాక తగ్గుతున్నాయో లేదో కూడా చూడవచ్చు. కార్డు ఆ రెండూ చేయలేదు.

పరాన్నజీవి డీఎన్‌ఏని వెతికే పీసీఆర్ పరీక్ష కార్డు, స్లైడు రెండిటి కంటే సున్నితం, స్లైడుకి అందనంత తక్కువ ఉన్నా పట్టేస్తుంది. కానీ అది మా దగ్గర ఉండదు, నమూనా కొండ దిగి వెళ్ళాలి. జ్వరంతో ఉన్న బిడ్డ ముందు కూర్చుని దాని రిపోర్టు కోసం ఎదురుచూడ్డం ఎలా? పరిశోధనకి పీసీఆర్, మంచం పక్కన స్లైడు.

కంపెనీలకి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. హెచ్‌ఆర్‌పీ2 తయారుచేసే జన్యువు లేని ఫాల్సిపేరం రకాలు ప్రపంచంలో చాలాచోట్ల, మన దేశంలోనూ కొన్నిచోట్ల దొరికాయి. వాటికి ఈ గీత రాదు. ఫాల్సిపేరంని కూడా, పరాన్నజీవి తయారుచేసే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము ద్వారా పట్టే కార్డులు ఇంకా మెరుగుపడితే, అటు జన్యువు సమస్యా తీరుతుంది, ఇటు పసిబిడ్డల సమస్యా కొంత తీరుతుంది. పరాన్నజీవి చచ్చాక ఆ ఎంజైము కొద్ది రోజుల్లోనే పోతుంది, వారాల తరబడి వేలాడదు. నా కోరికల్లా అదీ, డబ్బాలో మడమ సూదీ, ఇంకా చదవగలిగేంత అక్షరాల్లో తెలుగు సూచనల కాగితమూ.

ఇన్నాళ్ళూ "దొరికినా బిడ్డకి సరైన మందేదీ లేదుగా" అనేవాళ్ళు. అదీ పూర్తిగా నిజం కాదు. వైవాక్స్‌కి బరువు లెక్కన క్లోరోక్విన్ మూడు రోజులు సరిపోతుంది. తల్లి నుంచి వచ్చినది నేరుగా రక్తంలోకే వస్తుంది కనక కాలేయంలో దాగేది ఉండదు, ప్రైమాక్విన్ అవసరం లేదు. ఆ ఆడపిల్లకి జరిగింది అదే, కోలుకుంది. ఫాల్సిపేరంకి మాత్రం ఐదు కిలోల లోపు బిడ్డలకంటూ అనుమతి పొందిన మందు లేక, పెద్ద పిల్లల మాత్రల్ని ముక్కలు చేసేవారు. 2025 జూలైలో స్విట్జర్లాండ్ ఔషధ నియంత్రణ సంస్థ 2 నుంచి 5 కిలోల బిడ్డల కోసం ఆర్టిమీథర్, ల్యూమెఫాంట్రిన్ కలిపిన మందుకి అనుమతి ఇచ్చింది, ప్రధానంగా ఆఫ్రికా దేశాలని దృష్టిలో పెట్టుకుని. మందు వచ్చాక పరీక్ష మీద బరువు పెరుగుతుంది. తప్పు పాజిటివ్ అయినా, తప్పు నెగెటివ్ అయినా ఇక ఊరుకునే సంగతి కాదు.

కొనాలా వద్దా? ఏజెన్సీ నుంచి కాన్పులు వచ్చే నర్సింగ్ హోము నడుపుతుంటే కొనండి, ప్రతి తల్లికీ వెయ్యండి. మైదానంలో, విశాఖలోనో నర్సీపట్నంలోనో పిల్లల డాక్టరైతే, నెలలోపు బిడ్డ జ్వరంతో వచ్చినప్పుడు తల్లి ఊరు ఏదని అడగండి. పాడేరు, చింతపల్లి, ముంచంగిపుట్టు, రంపచోడవరం, ఒడిశా సరిహద్దు పల్లెలు, ఏవైనా సరే, సెప్సిస్ మందు ఆపకుండానే దళసరి పూత తీయించండి. మొదటిది నెగెటివ్ అయితే పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు ఆగి మళ్ళీ తీయించండి. కార్డు నెగెటివ్ అని చీటీ మీద మలేరియాని కొట్టేయకండి. తల్లికి కార్డు పాజిటివ్ వచ్చిన ప్రతి బిడ్డ డిశ్చార్జి చీటీ మీదా నేను ఎర్ర సిరాతో రాసి పంపుతున్నాను: నెల లోపల జ్వరం వచ్చినా, పాలు మానేసినా, ఒళ్ళు పాలిపోయినా స్లైడు తీయించాలి. ఆశా కార్యకర్తకి కూడా అదే చెబుతాను, ఇంటికెళ్ళి చూసినప్పుడు అడగమని.

డబ్బా కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి, ద్రావణం సీసా మీద ఇంకో తేదీ ఉంటుంది, అదీ చూడండి. కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదిలేయకండి, నలభై డిగ్రీలు దాటితే గీతల మీద నమ్మకం పోతుంది. మడమ సూదులు విడిగా కొనండి. వాటికి మాత్రం ఐదుకి ఐదు.